లారీ కుడి లేన్‌లో ఎందుకు పోతుందో ఎవరైనా అడిగారా

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాసింది చదివాను. హైదరాబాద్ విజయవాడ హైవే మీద పగటి పూట లారీలు తిరగనియ్యకూడదు, కుడి లేన్‌లో నలభై స్పీడ్‌లో పోతూ కార్లకి దారివ్వరు, హారన్ కొట్టినా లైట్లు వేసినా చెవిటోళ్ళలాగా పోతానే ఉంటారు అని రాశారు. ఆయన కోపం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే అదే కోపం నాకూ ఓ పదేళ్ళు ఉండేది.

మాది కోదాడ. హుజూర్‌నగర్‌లో చిన్న సిమెంట్, ఐరన్ షాపు ఉంది, రోజూ పొద్దున బైక్ మీద వెళ్ళి రాత్రి తిరిగొస్తాను, నెలకి రెండు మూడు సార్లు కారేసుకుని హైదరాబాద్ పోయొస్తా. అంటే రెండు లేన్ల రోడ్డూ తెలుసు, నాలుగు లేన్ల రోడ్డూ తెలుసు, రెండిట్లోనూ నా ముందు ఎప్పుడూ ఏదో ఒక లారీ ఉంటుంది. మా సైడు వచ్చినోళ్ళకి తెలిసే ఉంటుంది, మేళ్ళచెర్వు, మఠంపల్లి, చింతలపాలెం చుట్టుపక్కల భూమి కింద అంతా సున్నపురాయే, అందుకే అన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు, అవతల ఏపీలో జగ్గయ్యపేట సైడు కూడా అంతే. ఆ సిమెంట్ రెక్కలు కట్టుకుని ఎగిరిపోదు కదా, లారీలోనే పోవాలి. పన్నెండు టైర్ల లారీ అంటే ఇంచుమించు 25 టన్నులు, అంటే 500 బస్తాలు. నేను తిట్టుకుంటూ వెనకాల పోయే లారీలో ఉన్నది ఒక్కోసారి నా షాపుకి వచ్చే సరుకే, అది లేటయితే మళ్ళీ ఫోన్ చేసి తిట్టేది కూడా నేనే!

మా బాబాయి ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంట్లో ఉంటున్నాడు కానీ మూడేళ్ళ కింద వాళ్ళబ్బాయి, అంటే మా తమ్ముడు, సెకండ్ హ్యాండ్‌లో ఒక పన్నెండు టైర్ల బండి తీసుకున్నప్పుడు నన్ను కూడా హైదరాబాద్ దాకా రమ్మన్నాడు, నాకూ అక్కడ పనుంది కాబట్టి ఎక్కి క్లీనర్ సీట్లో కూర్చున్నా. ఆ ఒక్క ట్రిప్పుతో నా పదేళ్ళ కోపం సగానికి దిగిపోయింది.

మొదట తెలిసింది ఏంటంటే అంత ఎత్తులో కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి అనుకుంటాం కానీ పక్కనున్నదే కనపడదు. మునగాల దాటాక ఒక స్కూటీ ఎడమ వైపు నుంచి ముందుకొస్తోంది, ఎర్ర చున్నీ కట్టుకున్న అమ్మాయి, అద్దంలో చూస్తూనే ఉన్నా, డోర్ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయింది. నిజంగానే మాయం. అద్దంలో లేదు, కిటికీలోంచి లేదు, ముందు గ్లాసులోంచీ లేదు. నేను లేచి తల బయట పెట్టి కిందకి చూస్తే ముందు టైరు పక్కనే ఉంది. మా వాడికి అయితే ఏమీ తెలీదు, "ఎవరన్నా ఉన్నారా అన్నా అటు" అని అడుగుతున్నాడు. ఆ సీట్లో ఇదివరకు క్లీనర్ ఉండేవాడు, డోర్ మీద చేత్తో దబదబా కొడుతూ "రానీ రానీ, ఆగాగు" అనేవాడు, ఇప్పుడు చాలా బళ్ళలో ఆ సీటు ఖాళీ. కిరాయిలు గిట్టుబాటు కాక, జీతం మిగుల్తుందని తీసేశారు. ఎడమ పక్క మొత్తం గుడ్డిగా పోతోంది లారీ, మనమేమో ఆ ఎడమ పక్కనుంచే దూరతాం.

రెండోది బ్రేకు. మా తమ్ముడు ముందు బండికి చాలా దూరం వదిలి తోలుతున్నాడు, ఆ వదిలిన జాగా చూసి ప్రతి కారువాడూ అందులో దూరి, దూరగానే బ్రేక్ కొట్టి, పక్కకి పోతున్నాడు. నకిరేకల్ వచ్చేలోపు ఇది ఎన్ని సార్లు జరిగిందో లెక్కపెట్టడం మానేశా. "ఇది నేను ఆగడానికి వదిలిన జాగా అన్నా, వాళ్ళకేమో ఖాళీ సీటు లాగ కనిపిస్తది" అన్నాడు వాడు. ఇంటికొచ్చాక బాబాయికి చెప్తే నవ్వి, "బండి ఆపేది డ్రైవర్ అనుకుంటున్నావేందిరా, లోడు ఆగితేనే బండి ఆగుద్ది" అన్నాడు.

ఇక అసలు విషయం, కుడి లేన్. నేను కూడా అదే అడిగా మా వాణ్ణి, రూలు ప్రకారం నెమ్మదిగా పోయే బండి ఎడమ వైపే పోవాలి కదరా, నువ్వెందుకు కుడిలో పోతున్నావ్ అని. వాడు ఏమీ చెప్పలేదు, ఇండికేటర్ వేసి ఎడమ లేన్‌లోకి దించి, "చూస్కో" అన్నాడు.

చూశాను. మొదట ఒక బైక్ ఎదురొచ్చింది, రాంగ్ రూట్లో, వెనకాల పాల క్యాన్లు, యూటర్న్ కిలోమీటర్ దూరం ఉందని అడ్డదారి. దాన్ని తప్పించాక షేరింగ్ ఆటో సడన్‌గా ఆగింది, ఎవరో చెయ్యెత్తారు. తర్వాత బస్సు, బస్ బే ఉన్నా అందులోకి పోకుండా లేన్‌లోనే ఆగి దింపుతోంది. తర్వాత ఒక దాబా, దాని ముందు నాలుగు లారీలు సగం షోల్డర్ మీద సగం లేన్ మీద. తర్వాత ఒక ఊరి దగ్గర సర్వీస్ రోడ్డు లేక ట్రాక్టర్ నేరుగా హైవే ఎక్కింది. ప్రతిసారీ మా వాడు బ్రేక్ కొట్టి, గేర్లు దించి, కుడికి వచ్చి, మళ్ళీ ఒక్కో గేరూ పెంచుకుంటూ పోవాలి, 25 టన్నుల సరుకుతో మళ్ళీ యాభైకి రావాలంటే ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది, మనకి కారులో నాలుగు సెకన్ల పని. దానికి తోడు ఓవర్‌లోడ్ బళ్ళ టైర్లు పోయీ పోయీ ఎడమ లేన్ చాలా చోట్ల గాడి పడి ఉంటుంది, స్టీరింగ్ అటూ ఇటూ లాగేస్తుంది. పదిహేను నిమిషాలకి నేనే "సరే, కుడికే పోరా నాయనా" అన్నా. కుడిలో అయితే పక్కన డివైడర్, యూటర్న్ గ్యాపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుంటే సరిపోతుంది.

కాబట్టి ఆ ఉత్తరం రాసిన సార్‌కి నేను చెప్పేది ఒకటే, లారీని ఎడమకి పంపాలంటే ముందు ఎడమ లేన్ ఖాళీ చేయాలి. దాన్ని మనమే పార్కింగ్‌కి, రాంగ్ రూట్‌కి, బస్ స్టాప్‌కి, టిఫిన్ బండికి వాడుకుంటూ లారీవాణ్ణి మాత్రం ఎడమకి పో అంటే ఎటు పోతాడు?

లారీవాళ్ళంతా మంచోళ్ళు అని నేను అనట్లేదు, మా తమ్ముడు ఈ ఉత్తరం చదివినా సరే రాస్తా. ఒక లారీ 48లో పోతుంటే దాన్ని 50లో పోయే లారీ ఓవర్‌టేక్ చేయడం మొదలుపెడుతుంది, రెండూ పక్కపక్కన పెళ్ళి ఊరేగింపులాగా మూడు కిలోమీటర్లు, వెనకాల అంబులెన్స్ ఉన్నా సరే. దీనికి ఏ సాకూ లేదు, ఇది ఒట్టి పంతం. టైరు పంక్చరై రోడ్డు మీద ఆగితే వెనక వేప కొమ్మలు, పెద్ద రాళ్ళు పెడతారు, బాగు చేసుకున్నాక కొమ్మల్ని లాగేస్తారు కానీ రాళ్ళు అక్కడే వదిలేసి పోతారు, ఆ రాయి మీద రాత్రి బైక్ ఎక్కితే ఏమవుద్దో ఆలోచించరు. వార్నింగ్ ట్రయాంగిల్ బండిలో ఉండాలని రూలుంది, చాలా మంది దగ్గర అది సీటు కింద ప్యాకింగ్ కూడా విప్పకుండా ఉంటుంది.

ఓవర్‌లోడ్ సంగతి అయితే ఇంకా పెద్ద కథ. 2018లో సెంట్రల్ గవర్నమెంట్ లారీల బరువు లిమిట్ పెంచింది, 25 టన్నులున్న పది టైర్ల బండికి 28.5, 49 టన్నులున్న ట్రైలర్‌కి 55, బండీ సరుకూ కలిపి. లీగల్‌గానే ఎక్కువ వేసుకోవచ్చు కాబట్టి ఇక ఓవర్‌లోడ్ ఉండదు అనుకున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడ్‌కి 20 వేలు ఫైన్, పైన ప్రతి టన్నుకి ఇంకో 2 వేలు. అయినా ఇసుక, కంకర బళ్ళు చూడండి, సైడు చెక్కల పైన ఇంకో రెండు చెక్కలు లేపి మరీ నింపుతారు. కిరాయి టన్ను లెక్కన ఇచ్చినన్నాళ్ళు ఓనర్ ఒక టన్ను ఎక్కువే వేస్తాడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్లో మూలుగుతూ పోయేది ఆ టన్నే, మనం మాత్రం స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాణ్ణి తిడతాం. ఆ డ్రైవర్‌కి లోడు ఎంత వేయాలో చెప్పే హక్కు ఎక్కడిది? పని గంటలూ అంతే, రోజుకి 8 గంటలే పని అని 1961 నాటి చట్టంలోనే రాశారు, మా బాబాయికి ఆ మాట నేను చెప్పిన రోజు ఆయన నమ్మలేదు, "8 గంటలు ఒక్క కాటా దగ్గరే పోతయి కదరా" అన్నాడు.

నాలుగు లేన్ల మీద లారీ నెమ్మదిగా పోవడం కన్నా రాత్రి పూట అది కనపడకపోవడమే అసలు ప్రమాదం. నాకే జరిగింది. రెండేళ్ళ కింద పెళ్ళికి పోయి వస్తున్నాం, రాత్రి ఒంటి గంట, చిట్యాల దాటాం, మా బావమరిది డ్రైవింగ్, నేను పక్కన, వెనకాల మా ఆవిడ, పిల్లలు నిద్రలో. స్పీడు వందకి కాస్త అటూ ఇటూ. ముందు రోడ్డు నల్లగా ఖాళీగా ఉంది, ఆ నలుపులోనే ఒక ముక్క ఇంకా కొంచెం నల్లగా ఉంది అనిపించింది, అంతే, "ఒరేయ్" అని అరిచేలోపు వాడు స్టీరింగ్ ఎడమకి తిప్పాడు, మా కుడి అద్దం దాని వెనక మూలకి ఒక జానెడు దూరంలో పోయింది. సిమెంట్ లారీ, కదులుతూనే ఉంది, నలభై కూడా లేదు. కొంత దూరం పోయి ఆపాం, చేతులు వణుకుతున్నాయి, లారీ కూడా వచ్చి ఆగింది. దిగి వెనక్కి వెళ్ళి చూశాను, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి! కానీ పైన కట్టిన పట్టా కొసలు జారి ఒక లైటుని పూర్తిగా మూసేశాయి, రెండో దాని మీద సిమెంట్ దుమ్ము ఎంత మందంగా ఉందంటే వేలితో గీస్తే గీత పడింది, ఆ గీతలోంచి ఎర్ర వెలుగు వచ్చింది. రేడియం స్టిక్కర్ ఉంది, అదీ దుమ్ము కిందే. డ్రైవర్ యాభై దాటిన మనిషి, భయపడిపోయి దండం పెడుతున్నాడు, తిడదామని దిగిన నాకు నోరు రాలేదు. బండిలో నీళ్ళ క్యాన్ ఉంటే ఇద్దరం కలిసి కడిగాం.

లెక్క వేసి చూడండి. మనం వందలో, లారీ నలభైలో ఉంటే మధ్య తేడా గంటకి 60 కిలోమీటర్లు, అంటే సెకనుకి 16 మీటర్ల పైనే. డిమ్ లైట్లో మనకి కనపడేది యాభై అరవై మీటర్లు. అంటే కనపడ్డాక మన చేతిలో ఉండేది మహా అయితే మూడున్నర సెకన్లు, అందులో ఒక సెకను మెదడుకి ఎక్కడానికే పోతుంది. ఎదురుగా వచ్చేవాడు ఫుల్ లైట్ వేస్తే ఆ మూడున్నర కూడా లేదు. లారీ వెనక ఎర్ర రేడియం, పక్కల పసుపు, ముందు తెలుపు అంటించాలని రూలు ఉంది, బండి ఫిట్‌నెస్ టెస్ట్‌కి వెళ్ళే రోజు కొత్తది అంటిస్తారు, తర్వాత దాన్ని తుడిచే నాథుడు ఉండడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా వేస్తారు, బిల్లు చూస్తారు, పట్టా కట్టారో లేదో చూస్తారు, ఒక మనిషిని పెట్టి తడి గుడ్డతో వెనక లైట్లు, స్టిక్కర్ తుడిపించి బయటికి పంపితే పోయేదేముంది, ఒక్కో బండికి ఒక్క నిమిషం. నాకు తెలిసి దీనికన్నా చవకైన రోడ్ సేఫ్టీ ఇంకోటి లేదు.

రెండు లేన్ల రోడ్డు మీద కథ వేరే. మా హుజూర్‌నగర్ రోడ్డు మీద లారీ ముప్పైలో పోతుంటుంది, దాన్ని దాటాలంటే నేను అరవైలో పోవాలి అనుకుందాం. లారీ పొడుగు, దాని వెనక కొంచెం ముందు కొంచెం జాగా కలిపి అరవై మీటర్లు నేను ఎక్కువ పోవాలి, ఏడు సెకన్లు పడుతుంది. ఆ ఏడు సెకన్లలో నేను 117 మీటర్లు పోతా, ఎదురుగా బస్సు కూడా అరవైలో వస్తే అదీ అంతే వస్తుంది, అంటే నాకు రెండొందల ముప్పై మీటర్ల పైన ఖాళీ రోడ్డు కనపడాలి. మన రోడ్ల మీద మలుపు లేకుండా, చెట్టు అడ్డం లేకుండా అంత రోడ్డు కనపడే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా పోతాం. 2025 నవంబర్‌లో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సుని గుద్ది కంకరంతా లోపలున్నోళ్ళ మీద పడింది కదా, అదీ ఇలాంటి ఇరుకు రోడ్డే. ఆ వార్త వచ్చిన వారం రోజులు మా రోడ్డు మీద కూడా అందరూ నిదానంగా పోయారు, తర్వాత మామూలే.

ఇండికేటర్ గొడవ ఒకటి ఉంది, దీన్ని ఎవరూ రాయరు. లారీ కుడి ఇండికేటర్ వేశాడంటే అర్థం ఏంటి? కుడికి తిరుగుతున్నా అని. కానీ కొంతమంది డ్రైవర్లు "ముందు ఖాళీగానే ఉంది, నువ్వు దాటుకో" అని చెప్పడానికి కూడా అదే వేస్తారు, ఇంకొంతమంది "రాకు, ఎదురుగా బండి ఉంది" అని చెప్పడానికీ అదే వేస్తారు! ఒకే లైటుకి మూడు అర్థాలు. రోడ్డు పక్కన క్రషర్ దారి ఉన్న చోట లారీ కుడి లైట్ వేస్తే నేను దాటాలా ఆగాలా? నేను మాత్రం ఆగుతా, వెనకోడు హారన్ కొట్టి చంపుతాడు, కొట్టుకోనీ. మంచి మనసుతో దారి చూపించే డ్రైవర్లకి నా దండం, కానీ దయచేసి ఆ పని చెయ్యి ఊపి కూడా చేయకండి, మీకు కనపడింది మాకు కనపడే లోపు రోడ్డు మారిపోతుంది.

కోతల సీజన్ వస్తే ఇంకా చెప్పనక్కర్లేదు. సన్న వడ్లు వేసుకుని మిర్యాలగూడ మిల్లులకి పోయే ట్రాక్టర్లు రాత్రంతా వరసగా పోతాయి, ట్రక్కుకి వెనక ఒక్క లైటు ఉండదు, బస్తాలు రెండు పక్కలా బయటికి పొంగి ఉంటాయి. రోడ్డు మీద సగం వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు, నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, చుట్టూ రాళ్ళు. లారీ దాన్ని తప్పించి మన సైడుకి రాక ఏం చేస్తుంది? రైతుని తిట్టలేను, మా మామయ్య కూడా అక్కడే పోస్తాడు, ఎందుకు మామయ్యా అంటే "మరి నీ షాపులో పొయ్యనా" అంటాడు. ఊరికి ఒక సిమెంట్ కల్లం కట్టిస్తే రోడ్డు రోడ్డుగా ఉంటుంది, సిమెంట్ నేను రేటు తగ్గించి ఇస్తా, రాసి పెట్టుకోండి.

ఆ ఉత్తరం రాసిన సార్ అన్నట్టు పగలు లారీలు ఆపేస్తే అవన్నీ రాత్రి ఒకేసారి రోడ్డెక్కుతాయి, పైన చెప్పిన పట్టా కొసలతో, దుమ్ము లైట్లతో, నిద్ర మొహాలతో. ఆ సార్ రాత్రి ప్రయాణం చేయరేమో తెలీదు, నేను చేస్తాను. దాని బదులు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర ఎలాగూ ప్రతి లారీ ఆగుతుంది లేదా నెమ్మదిస్తుంది కదా, వెనక లైట్లు వెలగని బండిని అక్కడే పక్కకి పెట్టించి వెలిగాకే వదలమనండి. లారీలు ఆపుకోడానికి హైవే పక్కన నీళ్ళు, లెట్రిన్ ఉన్న జాగాలు ఇంకా ఎక్కువ కావాలి, ఉన్న చోట షోల్డర్ మీద ఆపితే అప్పుడు ఫైన్ వేయండి, ఎవరూ అడగరు. రోడ్డు మీద ఆగిపోయిన బండి కనపడితే 1033కి ఫోన్ చేయొచ్చని కూడా మీ పేపర్లో రోజూ ఒక మూల వేయండి, హైవే హెల్ప్‌లైన్ అది, మా షాపుకి వచ్చేవాళ్ళలో పది మందిని అడిగితే ఒక్కరికి తెలుసు.

2025 అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీలకి క్యాబిన్‌లో ఏసీ ఉండాలని రూలు తెచ్చారు, మా బాబాయికి ఆ వార్త చదివి వినిపిస్తే ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, ఇంజన్ వేడికి ఆయన కాలి మీద చర్మం ఇప్పటికీ నల్లగానే ఉంటుంది. తర్వాత "అద్దాలు ఎక్కించుకుంటే హారన్ వినపడదేమో మరి" అన్నాడు.

మొన్న ఆయన్ని కంటి చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్ళాను. సూర్యాపేట దాటాక ట్రైలర్ ఒకటి కుడి లేన్‌లో పోతుంటే అలవాటు కొద్దీ దాని తోక పట్టుకుని పోతున్నా, చెయ్యి హారన్ మీదకి పోయింది. బాబాయి ముందుకి వంగి, సగం చూపున్న కళ్ళతో ఆ లారీ కేసి చూసి, "వాడి అద్దం కనపడుతుందా నీకు" అన్నాడు. లేదన్నా. "మరి వాడికి నువ్వెట్ట కనపడతవ్, వెనక్కి రా" అన్నాడు. వెనక్కి వచ్చాను, అద్దం కనపడింది, అందులో డ్రైవర్ మొహం కూడా కనపడింది, ఒకసారి లైటు వేశాను, కొంచెం సేపటికి ఎడమ ఖాళీ చూసుకుని జరిగాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కోదాడ, సూర్యాపేట జిల్లా